పన్నెండంతస్తుల వంకర

సోమవారం

మావయ్యకి,

క్లిప్పులు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, కెమెరా క్షేమం. అక్కడ నువ్వు, అత్తయ్య, స్టూడియో బోర్డు క్షేమమని తలుస్తాను.

ఫోటోల సంగతి ఫోన్లో మాట్లాడటమంటే కూర రుచి ఫోన్లో అడగడమే అని నువ్వే అన్నావు కాబట్టి, ఉత్తరం రాసి నాలుగు ప్రింట్లు జతచేస్తున్నాను. రెండు నెలలుగా ఆదివారాలు నేనొక గుంపుతో తిరుగుతున్నాను. కంగారుపడకు, తొమ్మిదిమందిమి, అందరి మెళ్ళోనూ కెమెరాలే. మధ్యాహ్నం మూడింటికి ఏదో ఒక కొత్త భవనం ముందు చేరతాం. ఎండ ఉన్నప్పుడు మొదలుపెట్టి దీపాలు వెలిగేదాకా అక్కడే ఉంటాం. మా పెద్దాయన రిటైరైన సర్వేయరు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట, మేస్త్రీలు గోడ వాలు చూసుకునే రసమట్టం పెట్టుకుని తిరుగుతాడు. అందుకని ఆయన పేరే రసమట్టం గారు అయిపోయింది.

ఇప్పుడు పట్టుకున్నది ఒక పన్నెండంతస్తుల మేడ. కిందినుంచి పైదాకా అద్దాలే. మూడింటికి దానినిండా మబ్బులుంటాయి. అయిదున్నరకి ఒక అంచు మాత్రం ఎర్రగా మండుతుంది. ఆ తర్వాత లోపల ఒక్కో అంతస్తులో లైట్లు వెలుగుతుంటే, మబ్బులు పోయి మనుషుల బల్లలు, కుర్చీలు కనిపిస్తాయి. నాకు మన స్టూడియో పరదా గుర్తొచ్చింది మావయ్యా. నువ్వు చేత్తో వేసిన ఆ మేడల బొమ్మ. ప్రింట్లకి క్లిప్పులు పెట్టమని నన్ను స్టూలెక్కిస్తే, నేను ఆ కిటికీలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. ఈ పేరూ, ఈ పిచ్చీ అక్కడే అంటుకున్నాయి.

అసలు సంగతి. రెండు నెలల్లో గ్రంథాలయం హాల్లో మా ప్రదర్శన. మనిషికి ఒక్క ఫోటో. స్టూడియోలో నువ్వు వెనకాల పెన్సిల్‌తో ‘సరే’ అని రాయందే ఒక్క ప్రింటూ గుమ్మం దాటేది కాదు. నేను తీసిన వాటి మీద ఇంతవరకూ ఆ మాట పడలేదు. అది పడితే తప్ప నా ఫోటో గోడెక్కదు. మా గుంపులో అందరి ముందూ ఒట్టు వేసేశాను. నా పరువు నీ పెన్సిల్ మొనమీద ఉంది.

నీ మేనకోడలు,
క్లిప్పులు

తా.క.: ఫోటోలో కుర్రాడెవరైనా ఉన్నాడేమోనని అత్తయ్య తప్పకుండా వెతుకుతుంది. శ్రమపడొద్దని చెప్పు. అంతస్తులు పన్నెండు, అబ్బాయిలు సున్నా.


గురువారం

చిరంజీవి క్లిప్పులకి,

మావయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మేడ ఒక్కటే బాగాలేదు.

పద్ధతి ప్రకారమే చూశాను. కిటికీ పక్కన కుర్చీ, ఎడమ కన్ను మూత, కుడి కంటికి భూతద్దం. నలభై ఆరేళ్ళు ఈ కంటితోనే జనం మొహాలు చూశాను. నవ్వు ఒక వెంట్రుకవాసి పక్కకు పోయినా పట్టుకున్న కన్ను ఇది. నాలుగు ఫోటోల్లోనూ మేడ వంకరగా ఉంది. ఒకదాంట్లో అయితే ఎవరో పిలిస్తే పక్కకి తిరిగి చూసినట్టుంది.

నా పరదా సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. పట్నం మొహం చూడనివాళ్ళు కూడా దాని ముందు నిలబడి పట్నంలో దిగినట్టే మురిసిపోయేవారు. ఆ మేడల్ని నేను స్కేలు పెట్టి గీశాను. బొమ్మ మేడలు నిటారుగా ఉండి నిజం మేడలు వంగడమేమిటి? కెమెరాది తప్పు, లెన్సుది తప్పు అని రాయకు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నీకు నేనే నేర్పాను.

తల వాల్చి కూర్చున్న మనిషికి రెండు వేళ్ళతో గడ్డం పట్టి నెమ్మదిగా నిలబెట్టేవాణ్ణి, చూశావుగా? నువ్వు మేడ గడ్డం పట్టుకోలేవు. కనీసం కెమెరా గడ్డమైనా పట్టుకో. ‘సరే’ రాయలేదు. మళ్ళీ తీసి పంపు.

నీ మావయ్య

తా.క.: మీ అత్త వెతికింది. ఏడో అంతస్తు దగ్గర తాడుకి వేలాడుతూ అద్దాలు తుడుస్తున్న కుర్రాణ్ణి కనిపెట్టింది. ఉద్యోగం ఎత్తైనదే గానీ స్థిరమైనది కాదని పెదవి విరిచింది.


సోమవారం

మావయ్యకి,

క్లిప్పులు వినయంగా, కొంచెం ఉక్రోషంగా నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం గుంపులో చదివి వినిపించాను. రసమట్టం గారికి రోషం వచ్చేసింది. నేలమీద నిలబడి తలెత్తి తీస్తే ఎంతటి మేడైనా పైకి పోయేకొద్దీ వెనక్కి వాలినట్టే ఉంటుంది, అది కంటికి తెలీదు, కెమెరాకి తెలుసు, మీ మావయ్య చెప్పింది అక్షరాలా నిజం అన్నాడు. ఆ పూటే అందరినీ ఎదుటి భవనం నాలుగో అంతస్తులో కార్లు నిలిపే చోటికి ఎక్కించాడు. నా మూడుకాళ్ళ స్టాండు మీద తన రసమట్టం పెట్టి, లోపలి బుడగ నడిమధ్యకి వచ్చేదాకా నన్ను ఊపిరి పీల్చనివ్వలేదు. కార్ల పొగ, పెట్రోలు వాసన, మధ్యమధ్యలో హారన్లు. నాలుగు గంటలు కదలకుండా నిలబడ్డాను. దాహమేసినా నీళ్ళు తాగలేదు, ఆ ఒక్క క్షణంలోనే లైట్లు వెలుగుతాయేమోనని.

ఈసారి ఆరు ప్రింట్లు పంపుతున్నాను. మా గుంపులోని డాక్టరమ్మ కూడా చూసి, గీత గీసినట్టుందంది. ఆవిడ ఫోటోలకి మెట్లు తప్ప మరేదీ పనికిరాదు. రోజంతా మనుషుల మొహాలు మరీ దగ్గర్నుంచి చూసి విసుగొచ్చిందట. నువ్వు ఈసారైనా పెన్సిల్ తీస్తావని ఆశ.

ఒక్క మాట మావయ్యా. ఫోటోలు కడిగే చీకటిగదిలో ఎర్ర బల్బు కింద, మందునీళ్ళలో కాగితం మీద మొహం నెమ్మదిగా తేలుతుంటే నువ్వు ‘ఇదిగో వస్తున్నాడు, ఇదిగో వస్తున్నాడు’ అనేవాడివి, ఎవరో చుట్టం బస్సు దిగుతున్నట్టు. నిన్న సాయంత్రం కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతుంటే నేనూ పైకే అనేశాను. పక్కనున్నవాళ్ళు ఎవరొస్తున్నారా అని వెనక్కి తిరిగి చూశారు.

నీ మేనకోడలు,
క్లిప్పులు

తా.క.: అత్తయ్యతో చెప్పు, ఆ అద్దాలు తుడిచేవాడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలట. కాబట్టి స్థిరపడ్డట్టే.


శుక్రవారం

చిరంజీవి క్లిప్పులకి,

దీవెనలు. నీమీద వేసిన నింద వాపసు తీసుకుంటున్నాను. నువ్వు నిర్దోషివి. మేడే దోషి.

మూడు పూటలు చూశాను. కిందా పైనా బాగానే ఉంది. అయిదో అంతస్తు నుంచి ఎనిమిదో అంతస్తు దాకా నడుం దగ్గర లోపలికి నొక్కుకుపోయింది. అద్దాల చట్రాలు నీళ్ళలో నీడల్లా మెలికలు తిరిగాయి. నీ రసమట్టం గారి బుడగ నడిమధ్యలో ఉన్నమాట నిజమే అయితే, కట్టినవాళ్ళ పనితనమే వంకర. ఇంతమంది రోజూ దాని కింద నడుస్తూ ఒక్కరూ చూడకపోవడం ఈ కాలం విడ్డూరం. తలెత్తి చూసే తీరికెవరికుంది? నీ గుంపుకి తప్ప.

మన వీధి దర్జీ కూతురు ఆ మేడలోనే ఎనిమిదో అంతస్తులో పనిచేస్తోంది కదా. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే దర్జీని పిలిచి ఫోటో చూపించాను. వాడికేమీ కనబడలేదు. నలభై ఆరేళ్ళ అనుభవం నీదా నాదా అన్నాను. వాడు కత్తెర కింద పెట్టి వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

ఇంక ఆ మేడ జోలికి వెళ్ళకు. ప్రదర్శనకి ఒంటి అంతస్తు భవనాలు చాలు, పడినా దెబ్బ తగలదు. ‘సరే’ ప్రస్తుతానికి ఆపాను. పడిపోయే మేడ ఫోటో వెనకాల ‘సరే’ అని రాస్తే, రేపు దాని పాపం నాకు చుట్టుకుంటుంది.

నీ మావయ్య

తా.క.: ఇదేదో అంటురోగంలా ఉంది. స్టూడియో తలుపు చట్రం కూడా మధ్యలో వంగింది. వడ్రంగి వచ్చి, చూసి, తల గోక్కుని, టీ తాగి వెళ్ళాడు. మరుసటిరోజు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ టీ తాగాడు. చట్రం అలాగే ఉంది, టీపొడి అయిపోయింది.


సోమవారం

మావయ్యకి,

నమస్కారం. క్షేమసమాచారాలు ఈసారి రాయను, ఎందుకంటే క్షేమంగా లేను.

ఆదివారం కూడా ఎనిమిదో అంతస్తు వాళ్ళకి పనుందట. తండ్రి ఫోన్ చేసినప్పుడు నమ్మలేదు గానీ, సరిగ్గా నాలుగింటికి మేం కెమెరాలు నిలబెట్టుకోవడం కిటికీలోంచి చూసి, నీ దర్జీ కూతురు టిఫిన్ డబ్బా, కుర్చీ దిండు, బల్లమీద పెంచుకుంటున్న పూలకుండీ చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఒక్కతే రాలేదు. వెనకాల ఎనిమిదో అంతస్తంతా వచ్చింది. ఎనిమిది వస్తే ఏడు ఎందుకు ఆగుతుంది? లిఫ్టు పాడైతే తప్ప మెట్లెక్కడున్నాయో తెలీని జనం మెట్లనిండా దిగుతుంటే డాక్టరమ్మ ఒక్కతే ఆనందంగా ఫోటోలు తీసింది. ఆవిడ మెట్లమీద మనుషులు కనిపించడం అదే మొదటిసారి.

మేనేజరు వచ్చాడు. ఎవరు చెప్పారంటే దర్జీ కూతురు మా వైపు వేలు చూపించింది. రసమట్టం గారు అవమానం భరించలేక తన పాత సర్వే యంత్రం ఆటోలో తెప్పించి అక్కడే మేడని కొలిచాడు. చీకటిపడేదాకా కొలిచాడు. మేడ నిటారుగా ఉంది మావయ్యా. గోరంత కూడా వంగలేదు. ఆ కాగితం చూపిస్తే మేనేజరు శాంతించి, ఇంకొక్క ఆదివారం మాత్రం, అదీ నెల తర్వాత, అర్జీ పెట్టుకుంటే రానిస్తానన్నాడు. ఆ సాయంత్రం లైట్లు వెలుగుతుంటే ఒక్కరమూ బటన్ నొక్కలేదు.

నవ్వులాటకి రాయడంలేదు. నా ఫోటో నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఊరుకుంటాను. చిన్నప్పటినుంచీ నీ కంటికి ఆనే పని ఒక్కటైనా చెయ్యాలని నా కోరిక. మేడమీద నెపం పెట్టి నన్ను తప్పించుకుంటున్నావేమో అనిపించి ఏడుపొచ్చింది. రసమట్టం గారి ముందే వచ్చేసింది. ఆయన ఏం చెయ్యాలో తోచక రసమట్టం నా చేతిలో పెట్టాడు.

డాక్టరమ్మ నీ ఉత్తరాలడిగి తీసుకుంది. రెండుసార్లు చదివింది. ‘మీ మావయ్య ఫోటో చూసేటప్పుడు ఎప్పుడూ కుడి కన్నేనా?’ అని ఒక్క ప్రశ్న అడిగి, ఈ గళ్ళ కాగితం ఇచ్చింది. మధ్యలో చుక్క ఉంది. ఒక్కో కన్నూ మూసి ఆ చుక్కనే చూడాలట. కనిపించింది కనిపించినట్టు రాయమంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

క్లిప్పులు

తా.క.: పూలకుండీ మా ఇంట్లో ఉంది. ఆ పిల్ల మళ్ళీ పనిలో చేరింది గానీ, కుండీని మాత్రం ఆ మేడలోకి పంపనంటోంది.


బుధవారం

క్లిప్పులకి,

దీవెనలు యథావిధిగా. తతిమ్మావి కట్.

నేను తప్పించుకునే మనిషినన్నావు. సరే, అనుకో. నలభై ఆరేళ్ళలో నేను మొహమాటానికి ‘సరే’ రాయలేదు, కోపానికి ఆపనూ లేదు.

మీ డాక్టరమ్మ కాగితం వాపసు పంపుతున్నాను. కుడి కంటితో చూశాను. ఎడమ కంటితో చూడలేదు, ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ దానికి సెలవే. ఎవరు అచ్చువేశారు ఈ కాగితం? నాలుగు గీతలు తిన్నగా వెయ్యలేనివాడికి అచ్చుయంత్రం ఎందుకు? చుక్క చుట్టూ గళ్ళన్నీ పీక్కుపోయాయి. కుడిపక్కన రెండు గళ్ళు వెయ్యడమే మరిచిపోయాడు. డబ్బు వాపసు అడగమని చెప్పు ఆవిడకి.

నీ మావయ్య

తా.క.: వడ్రంగి మూడోసారి వచ్చాడు. ఈసారి దారానికి తూకపు గుండు కట్టి తలుపు పక్కన వేలాడదీశాడు. చట్రం నిటారుగానే ఉందన్నాడు. అని, తలుపుని చూడకుండా నన్ను చూశాడు. ఇంక రావొద్దని చెప్పాను.


గురువారం, దర్జీ కూతురి చేత

మావయ్యా,

నీకూ నీ ‘సరే’కీ నమస్కారం. అది నాకొద్దు. ప్రదర్శన పోతే పోనీ. నువ్వు రా.

ఆ కాగితంలో గళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. నేను చూశాను, రసమట్టం గారు స్కేలు పెట్టి చూశాడు. డాక్టరమ్మ కళ్ళ డాక్టరు మావయ్యా. కంటి వెనక తెర ఉంటుందట, నీ భాషలో చెప్పాలంటే ఫిల్ము. నీ కుడికంట్లో ఆ ఫిల్ముకి నడిమధ్య, కింద నీరు ఊరి అది ఉబ్బివుంటుందని ఆవిడ అనుమానం. అందుకే తిన్నని గీతలు వంగుతున్నాయి. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ ఎడమది కుడిదాని తప్పు కప్పేస్తుంది. ఫోటోలు చూడటానికి ఎడమ కన్ను మూసే అలవాటు నీకు లేకపోతే ఎప్పటికి బయటపడేదో. ఆలస్యమైతే నడిమధ్య నల్లబడిపోతుందట, ఇంక తిరిగి రాదట. వెంటనే వస్తే కంట్లో సూది మందు వేస్తారు.

పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను. నువ్వు మాట్లాడనంటున్నావని అత్తయ్య ఎత్తి చెబుతోంది. అందుకని మనిషినే పంపుతున్నాను. రేపు మొదటి బస్సుకి ఈ పిల్లతో బయల్దేరు. నా ఫోటోలు బాగాలేవని పుస్తకమంత ఉత్తరం రాయి, కానీ ఆ రాతని నువ్వే చదువుకోగలగాలి. నాకు భయంగా ఉంది.

క్లిప్పులు

తా.క.: నువ్వు లేకుండా ఈ పిల్ల వెనక్కి రాదు. వారం సెలవు అడగబోతే, వాక్యం పూర్తి కాకుండానే మేనేజరు సంతకం పెట్టాడట. కావాలంటే రెండు వారాలు ఉండమన్నాడట.


మంగళవారం

చిరంజీవి క్లిప్పులకి,

ఇంటికి చేరి వారమైంది. నా అక్షరాలు ఏటవాలుగా కనిపిస్తే అది నీ కంటి దోషం కాదు, నిజంగానే ఏటవాలుగా రాస్తున్నాను. ఎడమ కన్ను కొత్తగా పనిలో చేరింది, చేతికీ దానికీ ఇంకా పరిచయం కుదరలేదు. కుడిదాంట్లో వేసిన సూది నొప్పి తగ్గింది. పోయినంత పోయింది, ఉన్నది నిలబడుతుందని మీ డాక్టరమ్మ అంది. అయిదు రోజులు నీ ఇంట్లో ఉన్నాను, నీ ఎదురుగా ఒక మాట చెప్పలేకపోయాను. ఉత్తరంలో చెబుతున్నాను.

నాకు తెలుసు. వడ్రంగి గుండు వేలాడదీసిన రోజే తెలిసింది. వాడు తలుపుని చూస్తుంటే నేను ఎడమ కన్ను మూసి ఆ దారాన్ని చూశాను. దారమే వంగి కనిపించింది. బరువు కట్టి వదిలిన దారం ఎక్కడైనా వంగుతుందటే? అది తెలిసీ అదే సాయంత్రం కూర్చుని, గళ్ళు తప్పు, అచ్చువాడు తప్పు అని నీకు రాశాను. మేడ వంకరైతే నా కన్ను బాగున్నట్టు. మేడ నిటారైతే నేను నలభై ఆరేళ్ళు దాచుకున్న ఆస్తి పోయినట్టు. భయపడ్డాను. నా భయం నిలబెట్టుకోవడానికి నీ మనసు కష్టపెట్టాను. దానికి మాత్రం సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు ఫోటోల సంగతి. పది ప్రింట్లూ ఎడమ కంటితో మళ్ళీ చూశాను. వచ్చిన చిక్కేమిటంటే, నాకు ఎడమ కన్ను ఒక్కటే మూయడం వచ్చు, కుడిది మూస్తే రెండూ పడిపోతాయి. డెబ్భై ఒకటో ఏట కన్ను గీటడం నేర్చుకోవడం నావల్ల కాలేదు. మీ అత్త పక్కన కూర్చుని అరచెయ్యి అడ్డం పెట్టింది. అరగంట సేపు చెయ్యి నొప్పెడుతోందని అనలేదు. ఆ చేతి పక్కనుంచి చూశాను నీ మేడని. మొదట పంపిన నాలుగూ పక్కన పెడితే, గీత గీసినట్టుంది. మధ్యాహ్నం ఫోటోలో మబ్బులు అద్దాల్లో ఈదుతున్నాయి. సాయంత్రం ఫోటోలో ఆరో అంతస్తులో ఎవరో కోటు వేసుకుంటూ ఇంటికి బయల్దేరుతున్నారు, అది నువ్వు చూసి తీశావో చూడకుండా తీశావోగానీ, ఆ ఫోటో మాత్రం కింద పెట్టబుద్ధి కాలేదు.

అయినా ‘సరే’ రాయలేదు. తొందరపడ్డావు. ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే లోపలి దీపాలు దాన్ని అందుకోవాలి. ఇంకో పావుగంట ఆగాల్సింది. ఆ పావుగంట ఎప్పుడొస్తుందో చెబితే రాదు, పక్కన నిలబడి చూపించాలి. రెండో సూది కూడా మేనేజరు ఇచ్చిన ఆ ఆదివారం ముందురోజే. కాబట్టి ఎలాగూ వస్తాను. మీ గుంపులో పదో మనిషికి చోటుంటే చెప్పు. రసమట్టం గారికి నా క్షమాపణలు, ఆయన బుడగకి విడిగా.

ప్రింట్లు వాపసు పంపుతున్నాను.

నీ మావయ్య

తా.క.: అమ్మాయీ, ఇది మీ అత్తయ్య రాస్తోంది. కవరు అంటించమని నాకిచ్చి ఆయన స్నానానికి వెళ్ళారు. ఆ కోటు మనిషి ఉన్న ఫోటో వెనక్కి తిప్పి, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడు. పెన్సిల్ పోయినా నొక్కు పోలేదు. ‘సరే’ అని రాసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపారు. ఎందుకండీ అంటే, ‘ఇచ్చేస్తే అది ఆదివారం నన్నెందుకు పిలుస్తుంది?’ అన్నారు. నువ్వు చూసినట్టు ఆయనకి తెలియనివ్వకు. ఆ ఆదివారం ఆయన చెప్పేదాకా బటన్ నొక్కకు.